బొమ్మ మీద రాణి, బొరుసు మీద దేవత: మొదటి రోమన్ కంచు నాణెం ఏది కొనాలి?

డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు పోయిన నెల ఫోన్ చేసి, "అన్నయ్యా, రోమన్ రాణి ఉన్న పాత నాణెం ఒకటి కొనుక్కుందామనుకుంటున్నా. ఒక్కటి చాలు. మూడు ఫొటోలు పంపిస్తున్నా, ఏది తీసుకోమంటావో చెప్పు" అంది. మొదటిది హెలెనా రాణి చిన్న నాణెం, నిన్నే అచ్చు వేసినట్టు గీత గీతా కనిపిస్తోంది. రెండోది బాగా అరిగిన ఫౌస్టినా. మూడోది అరచేతిలో సగం పట్టేంత పెద్దది, నల్లగా నిగనిగలాడుతోంది, రాణి జుట్టు పాయలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. దాని మనసు మూడోదాని మీద ఉందని గొంతులోనే తెలిసిపోయింది. "అది మాత్రం వద్దమ్మా" అన్నాను. ఎందుకు వద్దన్నానో ఫోన్‌లో పూర్తిగా చెప్పలేకపోయాను. ఇలా అడిగేవాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి అందరికీ పనికొచ్చేలా ఇక్కడ రాస్తున్నాను.

నాణెం ఎగరేస్తూ మనం బొమ్మా బొరుసా అంటాం కదా. రోమన్ రాణుల నాణేల్లో బొమ్మ వైపు రాణి ముఖం ఉంటుంది, బొరుసు వైపు చాలాసార్లు ఒక దేవత ఉంటుంది. కొత్తగా కొనేవాళ్ళు బొమ్మ చూసి కొంటారు. నేను మాత్రం బొరుసు చూసి కొనమంటాను. ఒకే రాణి ముఖంతో పదుల రకాల నాణేలు వచ్చాయి, వాటిని విడదీసేది బొరుసు మీది దేవతే. ఆ వైపు అరిగి చదునైపోతే మీ చేతిలో ఉన్నది ఏ నాణెమో ఎప్పటికీ తేలదు. పైగా చక్రవర్తి ఇంటి ఆడమనిషి ఎలా కనబడాలని రాజ్యం కోరుకుందో చెప్పేదీ బొరుసే. పిల్లలు పుట్టినప్పుడు ఒక దేవత, పెళ్ళప్పుడు ఒక దేవత, చనిపోయాక మరో దేవత వస్తారు.

కంచు అంటాం గానీ

అందరూ కంచు నాణేలనే అంటారు, నేనూ అలాగే అంటున్నాను. నిజానికి వీటిలో పెద్దది సెస్టర్షియస్, అది ఇత్తడి. తొలి కాలంలో దాదాపు 25 గ్రాములు తూగేది, అంటే మన పది రూపాయల బిళ్ళలు మూడు కలిపి పట్టుకున్నంత బరువు. దానికి సగం విలువది దుపాండియస్, అదీ ఇత్తడే, 12, 13 గ్రాములు. పావు విలువది ఆస్, అది రాగి, 10, 11 గ్రాములు. ఈ రెండూ అడ్డంగా కొలిస్తే పది రూపాయల బిళ్ళకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. మొదటి శతాబ్దంలో చాలా కాలం రోమన్ సిపాయి జీతం ఏడాదికి 900 సెస్టర్షియస్‌లు, కాబట్టి ఈ పెద్ద బిళ్ళ చిల్లరే అయినా మరీ తీసిపారేసే చిల్లర కాదు.

ఒక చిక్కుంది. చక్రవర్తుల నాణేల్లో తల మీద కిరణాల కిరీటం ఉంటే దుపాండియస్, ఆకుల దండ ఉంటే ఆస్ అని గుర్తుపట్టొచ్చు. రెండో శతాబ్దపు రాణులకు ఆ కిరీటం పెట్టరు. పసుపో ఎరుపో లోహం రంగు చూసి చెప్పాల్సిందే, చిలుము కప్పేస్తే అదీ కుదరదు. అందుకే అమ్మేవాళ్ళు "దుపాండియస్ లేదా ఆస్" అని రాస్తుంటారు. అది మోసం కాదు, కంగారు పడకండి.

ఇద్దరు ఫౌస్టినాలు

మొదటి నాణేనికి నా ఓటు ఫౌస్టినాకే. తల్లీ కూతుళ్ళిద్దరిదీ అదే పేరు. తల్లి ఆంటొనినస్ పయస్ చక్రవర్తి భార్య, కూతురు మార్కస్ ఆరీలియస్ భార్య. ఇద్దరి కంచు నాణేలూ లెక్కలేనన్ని అచ్చయ్యాయి. దొరకడం తేలిక, ధర అందుబాటులో ఉంటుంది, పోల్చి చూసుకోవడానికి ఫొటోలకు కొదవలేదు. కొత్తవాళ్ళకు ఈ ఫొటోల సంగతే అన్నిటికన్నా ముఖ్యం.

తల్లి 140లో చనిపోయింది. ఆంటొనినస్ ఆమెను దేవతగా ప్రకటింపజేసి, 161లో తాను పోయేదాకా ఆమె పేరు మీద నాణేలు వేయిస్తూనే ఉన్నాడు. చనిపోయిన భార్య ముఖాన్ని ఇరవై ఏళ్ళు జనం చేతుల్లో తిప్పిన మనిషి అతను. రోమ్ నడిబొడ్డున ఆమెకు కట్టిన గుడి ఇప్పటికీ నిలబడి ఉంది. గుడి నుదుటి మీద ముందు చెక్కినది ఆమె పేరు. అతను పోయాక అతని పేరును దాని పైన చేర్చారు. నేను ఆ మెట్ల ముందు నిలబడి, జేబులో ఉన్న ఆస్ తీసి రెండు చోట్లా ఒకే పేరు చదువుకున్నాను. అంత పాత రాతినీ, అంత పాత లోహాన్నీ ఒకేసారి చదవడం నాకు అదే మొదలు.

కూతురు 147లో అగస్టా, అంటే మహారాణి, బిరుదు పొందింది. డజనుకు పైగా పిల్లల్ని కన్నది, వాళ్ళలో చాలామంది చిన్నప్పుడే పోయారు. ఆమె నాణేల బొరుసు మీద ఆ కాన్పుల కథంతా కనిపిస్తుంది. సంతానానికి దేవత ఫెకుండిటాస్ కొన్ని నాణేల మీద ఒక బిడ్డతో, కొన్నిటి మీద నలుగురితో, ఇంకొన్నిటి మీద ఆరుగురితో నిలబడి ఉంటుంది. 161లో కవలలు పుట్టినప్పుడు, సింహాసనం లాంటి ఆసనం మీద ఇద్దరు పసివాళ్ళను కూర్చోబెట్టి ఒక నాణెం వేశారు. వాళ్ళలో ఒకడు పెద్దయి కొమోడస్ చక్రవర్తి అయ్యాడు, రెండోవాడు నాలుగేళ్ళకే పోయాడు. ఆ నాణెం నా దగ్గర ఒకటుంది. ఒక బిడ్డ తల పూర్తిగా అరిగిపోయింది, రెండో బిడ్డ ఇంకా చెయ్యి చాపే ఉన్నాడు. అరగడం యాదృచ్ఛికమేనని తెలిసినా అది చూసినప్పుడల్లా మనసు ఒకలా అయిపోతుంది.

ఇద్దరినీ ఎలా గుర్తుపట్టాలి? ముందు జుట్టు చూడండి. తల్లికి జడలన్నీ అల్లి నడినెత్తిన చుట్టిన కొప్పు ఉంటుంది. కూతురికి ముడి మెడ వెనక ఉంటుంది. తర్వాత అక్షరాలు. ఉత్త "దివా ఫౌస్టినా" (దేవత అయిన ఫౌస్టినా) అని ఉంటే తల్లి, "ఫౌస్టినా అగస్టా" అని ఉంటే కూతురు. పేరు చివర "పియా" ఉంటే మాత్రం జాగ్రత్త. "దివా ఫౌస్టినా పియా" అంటే కూతురే, చనిపోయాక వేసిన నాణెం. అమ్మేవాళ్ళు కూడా ఇక్కడ తడబడుతుంటారు. చదివేటప్పుడు ఇంకో సంగతి, అప్పటి రోమన్లు యు రాయాల్సిన చోట వి చెక్కేవారు. ఫౌస్టినా పేరులో మూడో అక్షరం వి లాగే కనిపిస్తుంది.

ఈ ఇద్దరిలో ఎవరిని తీసుకోవాలంటే, బొరుసు మీద దేవతల వైవిధ్యం కావాలనుకునేవాళ్ళు కూతురిని తీసుకోండి. జూనో, వీనస్, సిరీస్, వెస్టా, డయానా, సిబిలీ, అందరూ ఆమె దగ్గర ఉన్నారు. ఒకే మనిషి, ఒకే కథ, ఒకే ప్రేమ కావాలంటే తల్లి.

అక్షరాలు పోయినా దేవతను పట్టుకోవచ్చు

మన గుళ్ళలో చీకట్లో కూడా పక్కన నెమలి కనిపిస్తే సుబ్రహ్మణ్యస్వామి అనుకుంటాం, సింహం కనిపిస్తే అమ్మవారు అనుకుంటాం. ఇక్కడా పద్ధతి అదే. కాళ్ళ దగ్గర నెమలి ఉంటే జూనో. చేతిలో యాపిల్ పండు ఉంటే వీనస్. ధాన్యపు కంకులు, కాగడా ఉంటే సిరీస్. పొడుగు కాగడా ఒక్కటే రెండు చేతులతో పట్టుకుంటే డయానా. సింహాలు, చేతిలో డప్పు లాంటి వాద్యం ఉంటే సిబిలీ. పాముకు ఆహారం పెడుతుంటే ఆరోగ్య దేవత సాలస్. మేలిముసుగును ముఖం మీదికి లాక్కుంటుంటే శీలానికి దేవత పుడికిటియా. ఒక చేత్తో ఓడ చుక్కాని, మరో చేత్తో పండ్లు నిండిన కొమ్ము పట్టుకుంటే ఫోర్చూనా. వీటిలో ఒక్క గుర్తయినా స్పష్టంగా కనబడితే చాలు, మిగతాది అరిగినా పర్వాలేదు. ఒక్కటీ కనబడకపోతే ముఖం ఎంత బాగున్నా ఆ నాణెం వదిలేయండి.

పెద్దదా, చిన్నదా?

సెస్టర్షియస్ చేతిలో పెట్టుకుంటే వచ్చే ఆనందం వేరు, నేను కాదనను. కానీ అదే డబ్బుకు అరిగిన సెస్టర్షియస్ ఒకటి, ముక్కూ మూతీ బాగున్న ఆస్ ఒకటి దొరికితే కొత్తవాళ్ళను నేను ఆస్ తీసుకోమంటాను. దొంగపనులు ఎక్కువగా జరిగేది సెస్టర్షియస్‌ల మీదే. పెద్ద నాణేనికి పెద్ద ధర వస్తుంది, చెక్కడానికి జాగా ఎక్కువ ఉంటుంది.

ఇది నేను నా సొంత డబ్బుతో నేర్చుకున్న పాఠం. కొన్నేళ్ళ కిందట ఒక వ్యాపారి దగ్గర లూసిల్లా సెస్టర్షియస్ కొన్నాను. లూసిల్లా చిన్న ఫౌస్టినా కూతురు. ముఖం చుట్టూ ఖాళీ జాగా అద్దంలా ఉంది, జుట్టు పాయలు తీర్చినట్టున్నాయి. ఇంటికొచ్చాక పదింతలు చూపే భూతద్దం కింద పెట్టాను. జుట్టు గీతలన్నీ ఒకే లోతులో, ఒకే వెడల్పులో, అంచులు పదునుగా ఉన్నాయి. ముక్కు అరిగింది, చెంప అరిగింది, వాటి కన్నా ఎత్తులో ఉన్న జుట్టు మాత్రం అరగలేదు. అదెలా సాధ్యం? అరిగిన నాణేన్ని ఎవరో సూది ఉలితో మళ్ళీ చెక్కి, చుట్టూ చదును చేసి, నల్లరంగు పట్టించారు. నాణెం అసలుదే, కానీ ఆ ముఖం రోమన్ పనివాడిది కాదు. తిరిగిచ్చే గడువు అప్పటికే దాటిపోయింది. ఆ రాత్రి పడ్డ బాధ ఇంకా గుర్తుంది, డబ్బు కన్నా మోసపోయానన్న బాధే ఎక్కువ. మా చెల్లి పంపిన మూడో ఫొటోలో నాకు కనిపించింది అదే జుట్టు.

అందుకని పెద్ద నాణెం కొనేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఎత్తుగా ఉన్న చోట్లు ముందు అరిగాయా? జుట్టు పైభాగం, చెవి, చెంప, బొరుసు మీద దేవత మోకాలు, ఇవి ముందు అరగాలి. లోతుగా ఉన్న చోట్లు నిలవాలి. ఇది తలకిందులైతే ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. అచ్చుపోసిన నకిలీలకు అంచు మీద అతుకు గీత, పైన చిన్న చిన్న బుడగల గుంటలు, సబ్బు ముక్కలాంటి మెత్తదనం ఉంటాయి. బరువు తూచి చూసుకోండి, నగల తూకానికి వాడే చిన్న త్రాసు చాలు. పదహారో శతాబ్దంలో పాడువా నగరంలో జొవాన్ని దా కవీనో అనే పనివాడు రోమన్ పెద్ద కంచు నాణేలను ఎంతో అందంగా అనుకరించి తయారుచేశాడు. ఈరోజు అవి కూడా సేకరణ వస్తువులే, కాకపోతే రోమన్ నాణేలు కావు.

చివరి కాలపు చిన్న రాణులు

బడ్జెట్ తక్కువైతే నాలుగో శతాబ్దానికి రండి. గలేరియా వలేరియా, హెలెనా, ఫౌస్తా, ఈ ముగ్గురిలో ఎవరు దొరికినా మంచిదే.

గలేరియా వలేరియా డయోక్లీషియన్ చక్రవర్తి కూతురు, గలేరియస్ చక్రవర్తి భార్య. ఆమె నాణెం 25 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, బరువు 6, 7 గ్రాములు. బొరుసు మీద విజయం తెచ్చే వీనస్, ఒక చేతిలో యాపిల్, మరో చేత్తో భుజం మీద పైట ఎత్తి పట్టుకుని ఉంటుంది. కంచులో ఆమెకున్నది ఇంచుమించు ఈ ఒక్క రకమే కాబట్టి ఏది ఏదన్న గందరగోళం ఉండదు. భర్త 311లో చనిపోయాక మరో చక్రవర్తి మాక్సిమినస్ దైయా తనను పెళ్ళి చేసుకోమని ఒత్తిడి చేశాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆస్తి లాక్కుని వెళ్ళగొట్టాడు, చివరికి ఇంకో చక్రవర్తి లిసీనియస్ మనుషులు ఆమెను చంపేశారు. విజయం అని రాసిన ఆ నాణెం పట్టుకున్నప్పుడు ఇదంతా గుర్తొస్తుంది. పరిమాణం, ధర, దేవత, కథ నాలుగూ కలిసొచ్చే నాణెం కావాలంటే ఫౌస్టినా తర్వాత నేను చూపించేది ఇదే.

హెలెనా కాన్‌స్టంటైన్ చక్రవర్తి తల్లి. 324లో అగస్టా అయింది. ఆ తర్వాత వచ్చిన ఆమె నాణేలు అర్ధరూపాయి బిళ్ళంత, మూడు గ్రాములు. బొరుసు మీద భద్రతకు దేవత సెక్యూరిటాస్ ఒక చేతిలో కొమ్మ పట్టుకుని నిలబడి ఉంటుంది. ఫౌస్తా కాన్‌స్టంటైన్ భార్య. ఆమె నాణేల మీద దేవత ఇద్దరు పసిపిల్లల్ని ఎత్తుకుని ఉంటుంది. 326లో కాన్‌స్టంటైనే ఆమెను చంపించాడు, నాణేలూ అక్కడితో ఆగిపోయాయి. అందుకే హెలెనా కన్నా ఫౌస్తా కాస్త అరుదు. 337 తర్వాత హెలెనా పేరు మీద వచ్చినవి ఇంకా చిన్నవి, గ్రామున్నర దాకా తూగుతాయి. వాటిని మొదటి నాణెంగా నేను సలహా ఇవ్వను. చత్వారం ఉన్నవాళ్ళకు అందులో దేవత కాదు కదా, రాణి కూడా కనబడదు.

ఈ చిన్న నాణేల గొప్పతనం స్పష్టత. చాలావాటిని భూమిలో దాచి మళ్ళీ తీయలేదు, అందుకే అక్షరాలతో సహా నిలిచాయి. లోటు ఏమిటంటే మనిషి ముఖం తగ్గిపోయింది. ఫౌస్టినా నాణెంలో ఒక ఫలానా స్త్రీ కనిపిస్తుంది. హెలెనా నాణెంలో రాణి అనే ముద్ర కనిపిస్తుంది. మీకు ముఖం ముఖ్యమా, స్పష్టత ముఖ్యమా అన్నది తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

మధ్యలో ఉన్న మూడో శతాబ్దం గురించి రెండు ముక్కలు. జూలియా మమేయా సెస్టర్షియస్‌లు బాగానే దొరుకుతాయి, వీనస్‌వీ, వెస్టావీ ఉన్నాయి. ఒటాసిలియా సెవేరా నాణేల్లో 248 నాటి రోమ్ వెయ్యేళ్ళ పండుగకు వేసిన నీటిగుర్రం నాణెం ఉంది, దానికి పోటీ ఎక్కువ, ధరా ఎక్కువే. మొదటి శతాబ్దపు లివియా, పెద్ద అగ్రిప్పినా లాంటివాళ్ళ నాణేలు అందమైనవి. లివియా ముఖమే సాలస్ దేవత ముఖంగా ఉందని చాలామంది భావించే 22, 23 నాటి దుపాండియస్ ఒక్కసారైనా మ్యూజియంలో చూడాల్సింది. మొదటి కొనుగోలుకు మాత్రం వీటి జోలికి వెళ్ళొద్దు.

జూలియా డోమ్నా విషయం వేరు. రోమ్ టంకశాలలో అచ్చయిన ఆమె కంచు నాణేలకు ధర ఎక్కువ. తూర్పు నగరాలు సొంతంగా వేసుకున్న ఆమె నాణేలు మాత్రం తక్కువకే వస్తాయి. మార్సియానోపొలిస్‌లో ఆమె, కొడుకు కారకల్లా ఎదురెదురుగా చూసుకుంటున్నట్టు వేసిన నాణేల మీద నగర దేవత టైకీ, న్యాయానికి నెమెసిస్, ఆరోగ్యానికి హైజియా, ఇలా రకరకాల దేవతలున్నారు. గ్రీకు అక్షరాలు నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్ళకు ఇది గని. లేనివాళ్ళకు టెన్షన్.

చిలుము పోగొట్టొద్దు

ఇత్తడి బిందె అనగానే మన చెయ్యి చింతపండు వైపు వెళ్తుంది. ఈ నాణేల విషయంలో దయచేసి ఆ చెయ్యి వెనక్కి తీసుకోండి. గట్టిగా, సమంగా పట్టిన ఆకుపచ్చ లేదా గోధుమరంగు చిలుమే ఆ నాణేనికి చర్మం. దాన్ని తోమేస్తే అక్షరాలు పోతాయి, విలువా పోతుంది, మళ్ళీ రావు. గోటితో తాకగానే రాలే లేత ఆకుపచ్చ పొడి మాత్రం చిలుము కాదు, జబ్బు. లోపలి క్లోరైడ్లు గాలిలో తేమతో కలిసి లోహాన్ని తినేస్తుంటాయి. అలాంటి మచ్చ ఫొటోలో కనిపించినా కొనకండి. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఉంచేవాళ్ళు సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత గట్టి డబ్బాలో పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు వాడొద్దు, అవే కొత్త మరకలు తెస్తాయి.

మన దేశానికి తెచ్చుకునేవాళ్ళకు ఒక మాట. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. ఒకసారి ఇక్కడికి చేరాక మళ్ళీ బయటికి తీసుకెళ్ళడం అంత తేలిక కాదు. విదేశంలో ఉన్నవాళ్ళు సెలవులకు వస్తూ చూపించడానికని సంచిలో వేసుకురాకండి, ఫొటో చూపించండి. పొలం దున్నుతుంటే దొరికిందని ఎవరైనా రోమన్ నాణెం చూపిస్తే అసలు ముట్టుకోవద్దు. 1878 చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధిని కలెక్టర్‌కు చెప్పాలి. మన నేలలో ఇవి దొరకడం వింతేమీ కాదు, నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1500కు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. నాగార్జునకొండలో దొరికిన బంగారు నాణేల్లో ఒకటి పెద్ద ఫౌస్టినాదే. సరుకుకు బదులుగా సముద్రం దాటి మన దాకా వచ్చింది ఎక్కువగా బంగారం, వెండి. కంచు రోమన్ల ఇంటి చిల్లర కాబట్టి చాలామట్టుకు అక్కడే తిరిగింది.

కొనేచోటు గురించి కూడా చెప్పాలి. అసలుదని రాతపూర్వకంగా, కాలపరిమితి లేకుండా హామీ ఇచ్చి, కాదని తేలితే డబ్బు వెనక్కిచ్చేవాళ్ళ దగ్గరే కొనండి. నాణెం ఇంతకుముందు ఎవరి సేకరణలో ఉందో, ఏ వేలంలో అమ్ముడైందో కాగితం ఉంటే కాస్త ఎక్కువైనా ఇవ్వండి. మట్టితో సహా గుత్తగా అమ్మే పాత నాణేల మూటలు కొనొద్దు. అవి ఎక్కడ తవ్వారో, ఎవరి నేల దోచారో ఎవరూ చెప్పరు.

మా చెల్లి చివరికి రెండో ఫొటోలోదే తీసుకుంది, ఆ అరిగిన చిన్న ఫౌస్టినానే. అక్షరాల్లో ఏడే మిగిలాయి. లోహం ఇత్తడో రాగో అమ్మినాయన కూడా తేల్చి చెప్పలేదు. నాణెం చేతికొచ్చాక మళ్ళీ వీడియో కాల్ చేసి, బొరుసు కెమెరాకు దగ్గరగా పెట్టి, "అన్నయ్యా, ఈవిడ చంకలో ఒకళ్ళు, కాళ్ళ దగ్గర ఇద్దరు కనిపిస్తున్నారు. ఇటు పక్కన ఉబ్బెత్తుగా ఉన్నది కూడా బిడ్డేనంటావా?" అని అడిగింది. దీపం పక్కనుంచి వాలుగా పట్టి చూడమన్నాను. నాలుగో బిడ్డ తల మెల్లగా తేలింది.